ఏడాదిలో ఉద్యోగం వస్తుందనే లెక్కతో ఇచ్చే అప్పు: ఆటిజం ఉన్న రుణగ్రహీతగా ఎడ్యుకేషన్ లోన్‌పై నా సమీక్ష

బీటెక్ చదువు కోసం 2017లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు నుంచి నేను తీసుకున్న ఆరు లక్షల రూపాయల ఎడ్యుకేషన్ లోన్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాంకు పేరు చెప్పడం లేదు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ రూపొందించిన నమూనా పథకాన్నే ప్రభుత్వ రంగ బ్యాంకులు కొద్దిపాటి తేడాలతో అమలు చేస్తున్నాయి కాబట్టి, నేను చెప్పబోయే మంచి చెడ్డల్లో ఎక్కువ భాగం ఏ బ్యాంకు గడప తొక్కినా ఎదురయ్యేవే. నేను ఆటిజం స్పెక్ట్రంలో ఉన్న వ్యక్తిని. లోన్ తీసుకున్న నాటికి ఆ సంగతి నాకు గాని మా ఇంట్లోవాళ్లకు గాని తెలియదు. చదువు పూర్తయి, ఇంటర్వ్యూలలో వరుసగా వెనక్కి వచ్చిన తర్వాతే నిర్ధారణ అయింది. అందువల్ల ఈ లోన్‌ను మామూలు విద్యార్థిగా తీసుకుని, వైకల్య ధ్రువపత్రం ఉన్న ఉద్యోగిగా తీరుస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను: చదువులోకి పంపించే విషయంలో ఈ పథకం బాగానే పనిచేస్తుంది, చదువు నుంచి ఉద్యోగంలోకి వెళ్లే దారి అందరికీ ఒకే పొడవు ఉండదన్న సంగతి మాత్రం దానికి బొత్తిగా పట్టదు.

మొదట మంచి సంగతులు. నాలుగు లక్షల వరకు మన చేతి డబ్బు పెట్టనక్కరలేదు. ఆపైన మన దేశంలోని చదువులకు ఐదు శాతం మనం సమకూర్చుకుంటే చాలు. ఏడున్నర లక్షల వరకు 2015లో వచ్చిన క్రెడిట్ గ్యారంటీ పథకం (అప్పు తీరకపోతే బ్యాంకుకు ప్రభుత్వం తరఫున హామీ ఉండే ఏర్పాటు) వర్తిస్తుంది కాబట్టి ఇల్లు, పొలం తాకట్టు పెట్టమని గాని, మూడో మనిషి పూచీకత్తు తెమ్మని గాని అడగకూడదు. అదే ఏడాది ఆగస్టు 15న మొదలైన విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్పట్లో ఒకే దరఖాస్తు నింపి మూడు బ్యాంకులకు పంపే వీలుండేది. నాలాంటివాడికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఏ కాగితం కావాలో, ఏ గడిలో ఏం రాయాలో ముందే కనబడుతుంది. కౌంటర్ ముందు నిలబడి, వెనక లైన్‌లో ఉన్నవాళ్లు తొందరపెడుతుంటే, అప్పటికప్పుడు మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు. మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్. ఆయన జీతం ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిమితిని దాటింది. కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీకి ఉన్న నాలుగున్నర లక్షల వార్షికాదాయ పరిమితిని కూడా కొద్దిలో దాటింది. కాబట్టి ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగు విడతలుగా అప్పే చేయవలసి వచ్చింది. ప్రతి ఏడాదీ కాలేజీ వాటా నేరుగా కాలేజీ ఖాతాకే చేరింది. ఇంతవరకు ఫిర్యాదు లేదు.

అసలు లెక్క ఇక్కడినుంచి మొదలవుతుంది. చదువు కాలం, ఆ తర్వాత మరో ఏడాది మారటోరియం, అంటే కంతులు కట్టనక్కరలేని విరామం. ఆ కాలమంతా బారువడ్డీయే గాని చక్రవడ్డీ ఉండదు. వినడానికి ఇది ఎంతో దయగా ఉంటుంది. వడ్డీ 10.5 శాతం దగ్గర కదలకుండా ఉందనుకుని లెక్క వేసి చూడండి. మొదటి ఏడాది ఇచ్చిన లక్షన్నరకు ఐదేళ్ల వడ్డీ 78,750 రూపాయలు, రెండో విడతకు నాలుగేళ్లకు 63,000, మూడో దానికి 47,250, చివరి విడతకు రెండేళ్లకు 31,500, మొత్తం 2,20,500. కంతులు మొదలయ్యే రోజున ఈ మొత్తం అసలులో కలిసిపోతుంది కాబట్టి, ఆరు లక్షలు తీసుకున్నవాడు 8,20,500 రూపాయలకు ఈఎంఐ కట్టడం మొదలుపెడతాడు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 11,070 రూపాయలు. పదిహేనేళ్లకు పొడిగిస్తే 9,070. నెలకు రెండు వేలు తగ్గినందుకు మొత్తం మీద మూడు లక్షలకు పైగా అదనంగా చెల్లించాలి. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టుకుంటూ వస్తే ఒక శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని నమూనా పథకంలో ఉంది గాని, నెల జీతం మీద ఇద్దరు పిల్లలను చదివించే ఇంటికి అది పనికొచ్చే సలహా కాదు.

ఈ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: పట్టా చేతికొచ్చిన ఏడాదిలోపు ఉద్యోగం వస్తుందని, ఆ ఉద్యోగం నిలుస్తుందని. ఆటిజం ఉన్నవాళ్ల విషయంలో ఆ ఊహ మొదటి మెట్టు దగ్గరే తప్పుతుంది. వాళ్లకు పని రాక కాదు, పనిలోకి తీసుకునే పద్ధతి వల్ల. మా కాలేజీకి వచ్చిన కంపెనీల వడపోత అందరికీ తెలిసిందే: ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, టెక్నికల్ రౌండ్, చివర హెచ్‌ఆర్ రౌండ్. మొదటిది, మూడోది నాకు ఎప్పుడూ అడ్డు కాలేదు. పదిమంది ఒకేసారి మాట్లాడే గదిలో ఎవరి మాట ఎక్కడ ముగుస్తుందో పట్టుకుని మధ్యలో దూరడం మాత్రం నాకు ఈనాటికీ రాదు. హెచ్‌ఆర్ రౌండ్‌లో ఒకాయన, ఐదేళ్ల తర్వాత ఏ స్థితిలో ఉంటారని అడిగారు. ఏ స్థితిలో ఉంటానో చెప్పలేనని, ఎడ్యుకేషన్ లోన్ కంతులు మాత్రం అప్పటికింకా నడుస్తుంటాయని ఉన్నమాట చెప్పాను. ఆయన నవ్వారు, ఫలితాల జాబితాలో నా పేరు లేదు. కళ్లలోకి చూసి మాట్లాడకపోవడాన్ని నిజాయితీ లోపంగానూ, ప్రశ్నకు అడిగినంతవరకే జవాబు చెప్పడాన్ని ఆసక్తి లోపంగానూ రాసుకునే ఆ పది నిమిషాల తంతుకూ, నేను చేయబోయే పనికీ ఏ సంబంధమూ లేదు. అమీర్‌పేటలో కోర్సుల మీద కోర్సులు చేసినా మారనిది ఇదే. అక్కడ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే సెలీనియం నేర్పుతారు, జావా నేర్పుతారు. కొత్త మనిషితో పొడి మాటలు కలపడం ఏ బ్యాచ్‌లోనూ నేర్పరు.

దీనికి మందు లేకపోలేదు. 2013లో జర్మనీ సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ ‘ఆటిజం ఎట్ వర్క్’ పేరుతో కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, దాని తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో బెంగళూరు ఒకటి. మాటకారితనాన్ని కొలిచే ఇంటర్వ్యూకు బదులు కొన్నాళ్లు పని చేయించి చూసి తీసుకోవడం ఇలాంటి కార్యక్రమాలన్నిటికీ మూలసూత్రం. డెన్మార్క్‌లో 2004లో మొదలైన స్పెషలిస్టెర్న్ అనే సంస్థ ఈ దారి వేసింది. నాకు దొరికిన మొదటి ఉద్యోగం కూడా ఇంచుమించు ఇలాగే వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థ స్కాన్ చేసిన పత్రాల్లో తప్పులు పట్టే పనికి మనుషులను తీసుకుంటూ, ఇంటర్వ్యూ లేకుండా నమూనా పత్రాల కట్ట ఇచ్చి కూర్చోబెట్టింది. తేదీ గడిలో నెల, రోజు తారుమారైన చోట్లు, ఒకే మనిషి ఇంటిపేరు రెండు పేజీల్లో రెండు రకాలుగా పడిన చోట్లు నాకు వెతకకుండానే కంటపడతాయి. కాంట్రాక్టు ఉద్యోగం, నెలకు 17,000 రూపాయలు. సంతోషంగా చేరాను. అయితే ఆ సమయానికి నా మారటోరియం ముగిసిపోయింది. పదిహేడు వేల జీతంలో పదకొండు వేల కంతు తీసేస్తే హైదరాబాద్‌లో హాస్టల్ అద్దెకూ భోజనానికీ ఏం మిగులుతుందో వేరే చెప్పనవసరం లేదు.

నిర్ధారణ, ధ్రువపత్రం కూడా ఆ రోజుల్లోనే జరిగాయి. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ (నేటి నీపిడ్) రూపొందించిన నలభై అంశాల ఆటిజం కొలమానాన్ని అనుసరించి, జిల్లా ఆసుపత్రిలో మా అమ్మను కూర్చోబెట్టి నా చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటిగా అడిగారు. ఆ కొలమానంలో డెబ్బై, ఆపైన వస్తేనే ఆటిజంగా లెక్క. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్లు వర్తించాలంటే ధ్రువపత్రంలో నలభై శాతం లేదా అంతకు మించి ఉండాలి. నాకు సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), ఆ తర్వాత యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) వచ్చాయి. దీనివల్ల ఉద్యోగాల వైపు ఒక తలుపు నిజంగానే తెరుచుకుంది. ఆ చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించింది. అందులో చివరి ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లంతా కలిసి పంచుకోవాలి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ క్లర్క్, పీవో నోటిఫికేషన్లలో ‘ఐడీ’ అనే గడి కింద కనిపించే ఖాళీలు ఇవే. వయసులో పదేళ్ల సడలింపు, రాత పరీక్షలో గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం కూడా ఉంటాయి.

ఈ పథకంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం ఇక్కడే ఉంది. ఉద్యోగంలో చేరే నాటికి రుణ చరిత్ర సవ్యంగా ఉండాలని, ఎగవేత ఉంటే నియామకం నిలిచిపోవచ్చని బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో రాసి ఉంటుంది. ఉద్యోగం ఆలస్యమైనందువల్ల కంతు తప్పుతుంది. కంతు తప్పినందువల్ల సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కు) పడిపోతుంది. ఆ స్కోరు వల్ల, ఆటిజం ఉన్నవాళ్ల కోసమే చట్టం కేటాయించిన ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోవచ్చు. ఒక చేత్తో రిజర్వేషన్ చూపి, రెండో చేత్తో అదే మనిషి అప్పు ఖాతాను అడ్డం పెట్టడం న్యాయమని నేను అనుకోను. అప్పు ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నవాడికీ, పని దొరకడానికి ఎక్కువ కాలం పట్టేవాడికీ తేడా కనిపెట్టే గడి ఏదీ ఆ రికార్డులో లేదు. పైగా నాన్నగారు సహ రుణగ్రహీత కాబట్టి నా ఖాతాలో ప్రతి ఆలస్యమూ ఆయన స్కోరును కూడా తింటుంది. తొంభై రోజులు దాటితే ఖాతా మొండి బకాయి కిందికి పోతుంది. మాది అంతదాకా పోలేదు, అదీ నాన్నగారు తన పీఎఫ్ నుంచి కొంత తీసి కట్టబట్టి.

విచిత్రమేమంటే, ఈ కష్టానికి విరుగుడు పథకంలోనే రాసి ఉంది. 2015లో సవరించిన నమూనా పథకం ప్రకారం, రుణగ్రహీతకు ఉద్యోగం లేని కాలంలో గాని, చదువుకు తగని తక్కువ జీతంతో పనిచేస్తున్న కాలంలో గాని, ఒక్కోసారి గరిష్ఠంగా ఆరు నెలల చొప్పున, లోన్ కాలమంతటిలో రెండు మూడు సార్లు మారటోరియం ఇవ్వవచ్చు. జీతం పెరిగే కొద్దీ కంతు పెరిగేలా మెట్లమెట్లుగా కట్టే ఏర్పాటుకు కూడా అందులో చోటుంది. నా శాంక్షన్ లెటర్‌లో గాని, చెల్లింపులు మొదలవుతున్నాయని వచ్చిన నోటీసులో గాని ఈ రెండింటి ప్రస్తావన లేదు. శాఖలో అడిగితే, అలాంటిదేదీ లేదని మొదట చెప్పారు. నమూనా పథకంలో ఉన్న వాక్యాన్ని ప్రింట్ తీసి దరఖాస్తుకు జోడించి, యూడీఐడీ కార్డు నకలు కూడా పెట్టి మళ్లీ ఇచ్చాము. మేనేజర్‌గారు ఆ కార్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మాట మాత్రం నాన్నగారితో మొదలుపెట్టారు.

“అబ్బాయి సంతకం చెల్లుతుందా అండీ? గార్డియన్ సర్టిఫికెట్ ఏమన్నా ఉందా?”

“ఆరు లక్షలు ఇచ్చేటప్పుడు వాడి సంతకం చెల్లింది కదా సార్. ఇప్పుడెందుకు చెల్లదు?” అన్నారు నాన్నగారు. టికెట్ చిల్లర దగ్గర పాతికేళ్లు జనంతో నెగ్గుకొచ్చిన మనిషి ఆయన. గొంతు పెంచకుండా అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చట్టంలోనూ ఉంది. వైకల్యం ఉన్నవారికి ఇతరులతో సమానంగా తమ ఆర్థిక వ్యవహారాలు తామే చూసుకునే హక్కు, బ్యాంకు రుణాలు పొందే హక్కు ఉన్నాయని 2016 చట్టంలోని 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించుకునే వీలు, ఆ అవసరం ఉన్నవాళ్ల కోసం. ఆటిజం అనే మాట కార్డు మీద కనిపించిన ప్రతి ఖాతాదారుణ్ణీ అడగవలసిన కాగితం కాదు అది. ఈలోగా బకాయి విభాగం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం వసూలు కోసం ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు; ఆ వేళలను వాళ్లు పాటించారు, అది ఒప్పుకోవాలి. అయితే చెప్పకుండా మోగే ఫోన్ ఎత్తి, అవతలి గొంతులోని కోపాన్ని అర్థం చేసుకుంటూ అంకెలు చెప్పడం నాకు చేతకాని పని. మెయిల్ గాని మెసేజ్ గాని పంపండి, అదే రోజు జవాబిస్తానని రాశాను. మెసేజ్ పెడితే చూస్తారని గ్యారంటీ ఏమిటని, మళ్లీ ఫోన్ చేసే అడిగారు. చివరికి బ్యాంకు నోడల్ అధికారికి ఫిర్యాదు చేశాము. ముప్ఫై రోజుల్లో పరిష్కారం కాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్‌కు వెళతామని అందులో రాశాము. అంతవరకు వెళ్లనవసరం లేకుండానే ఆరు నెలల మారటోరియం, పదిహేనేళ్ల గడువు రెండూ మంజూరయ్యాయి. ఫోన్లు ఆగి మెసేజ్‌లు వస్తున్నాయి. ఇది ఉచితంగా వచ్చిన వరమేమీ కాదు: 8,20,500 రూపాయల మీద ఆరు నెలల వడ్డీ దాదాపు 43,000. అయినా ఆ ఆరు నెలల్లోనే కాంట్రాక్టు పని నుంచి అదే సంస్థలో పర్మినెంట్ ఉద్యోగానికి మారగలిగాను కాబట్టి, ఆ మొత్తం దండగ అనుకోవడం లేదు.

వేరే దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. నలభై శాతం వైకల్యం ధ్రువపత్రం ముందే చేతిలో ఉన్న విద్యార్థి, బ్యాంకుకు వెళ్లేముందు జాతీయ దివ్యాంగుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ ఇచ్చే రాయితీ వడ్డీ రుణాల గురించి రాష్ట్ర వికలాంగుల సంస్థలో విచారించడం మేలు. చదువు కూడా ఆ రుణాలకు అర్హమైన అవసరాల్లో ఒకటి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, పది లక్షల వరకు రుణంపై మారటోరియం కాలానికి మూడు శాతం వడ్డీ రాయితీ వస్తుంది. మా తమ్ముడి చదువుకు అది అక్కరకు వస్తుందేమో చూస్తున్నాము. అప్పు కడుతున్నవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే ఈ లోన్ వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు, వైకల్యానికి 75,000 రూపాయల పన్ను మినహాయింపు ఉంటాయి గాని, పదిహేడు వేల జీతగాడికి పన్నే పడదు కాబట్టి వాటి ప్రయోజనం కాగితం మీదే.

అమెరికా ఎంఎస్ కోసం అప్పు చేయబోయే ఇళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. మన జిల్లాల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, పిల్లవాడి తీరు చూసి అనుమానం ఉన్నా అడిగేవాళ్లు లేరు. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు సాధారణంగా ఇల్లో స్థలమో తాకట్టు పెట్టాలి, పదిహేను శాతం మనం పెట్టుకోవాలి. అక్కడ చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి (ఓపీటీ) మొదటి ఏడాదిలో మొత్తం తొంభై రోజులకు మించి ఖాళీగా ఉండడానికి వీల్లేదు. ఇక్కడి ఏడాది గడువే సరిపోని నాలాంటివాడికి, ఇంటర్వ్యూలు ఇంకా ఎక్కువ మాటల మీద నడిచే దేశంలో తొంభై రోజుల గడువు పెట్టి, వెనక ఇల్లు తాకట్టులో ఉంచడం నేను సిఫారసు చేయలేను. ఆటిజం ఉన్నవాళ్లు అక్కడ బాగా రాణించడం లేదని కాదు నా మాట. ఆ అప్పుకు కొద్దిపాటి ఆలస్యాన్ని కూడా తట్టుకునే సందు లేదని.

ఐదు నక్షత్రాలకు ఈ లోన్‌కు నేను రెండున్నర ఇస్తాను. తాకట్టు లేకుండా చదివించినందుకు రెండు, మొత్తుకున్నాక అయినా పథకంలో ఉన్నది ఇచ్చినందుకు అర. నా బ్యాంకులో అమ్మాయిలకు వడ్డీలో అర శాతం రాయితీ ఉంది; వైకల్యం ఉన్నవాళ్లకు అలాంటిదేదీ లేదు. దరఖాస్తులో వైకల్యం గురించి ఒక్క ప్రశ్న వేసి, అవునన్నవాళ్లకు మారటోరియం ఏడాది నుంచి రెండేళ్లు చేసి, సమాచారం ఫోన్‌లోనా రాతలోనా అని అడిగి ఉంటే మరో నక్షత్రం సంకోచం లేకుండా కలిపేవాణ్ణి.

ఆటిజం ఉన్న పిల్లల కోసం ఈ లోన్ తీసుకుంటున్నవాళ్లు, మొదటి విడత విడుదల కాకముందే ఉద్యోగం లేని కాలానికి మారటోరియం ఇస్తారా లేదా, మెట్లమెట్ల కంతుల ఏర్పాటు ఉందా లేదా అని శాఖలో రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. నిర్ధారణ మీద అనుమానం ఉంటే కాలేజీలో ఉండగానే వైకల్య ధ్రువపత్రం పని పూర్తి చేసుకోండి. చట్టం ఉన్నత విద్యా సీట్లలో ఇచ్చిన ఐదు శాతం రిజర్వేషన్ కూడా పై చదువుకు వెళ్లేటప్పుడు పనికొస్తుంది. జవాబు రాసివ్వడానికి ఆ శాఖ వెనకాడితే పక్క వీధిలోని మరో ప్రభుత్వ బ్యాంకులో అడగండి. నమూనా పథకం ఒకటే కాబట్టి మీకు పోయేదేమీ లేదు.